పరీవాహక గ్రామాల అభివృద్ధి హక్కు: చేవెళ్ల, మొయినాబాద్‌ల నూరేళ్ల చరిత్ర

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రహదారి మీద అప్పా కూడలి దాటాక మొదట వచ్చే మొయినాబాద్, ఆ తరువాత వచ్చే చేవెళ్ల ప్రస్తుతం రంగారెడ్డి జిల్లాలోని రెండు మండలాలు. పడమటి కొండల వైపు నుంచి దిగివచ్చే మూసీ, ఈసీ నదులు ఈ గ్రామాల పక్కగా సాగి నగరపు పొలిమేరలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అనే రెండు జలాశయాలను నింపుతాయి. ఏ నేల మీద పడిన వాన ఒక నదికో చెరువుకో చేరుతుందో ఆ నేలను దాని పరీవాహక ప్రాంతం అంటారు. ఆ అర్థంలో ఈ గ్రామాలు హైదరాబాద్ తాగునీటికి పుట్టినిల్లు. ఈ భౌగోళిక స్థితే ఇక్కడి ఆధునిక చరిత్రకు రూపం ఇచ్చింది. నూరేళ్లకు పైగా ఈ నేల మీద ఏమి జరగాలో, ఏమి జరగకూడదో తేల్చిన పెద్ద నిర్ణయాలు నగరంలోని కచేరీలలో జరిగాయి, గ్రామాలకు వాటి ఫలితాలు మాత్రమే చేరాయి. అభివృద్ధిని మానవ హక్కుగా ప్రకటించిన ఐక్యరాజ్య సమితి 1986 నాటి పత్రం ప్రజల భాగస్వామ్యాన్ని ఆ హక్కుకు ప్రాణంగా భావించింది కనుక, ఈ ప్రాంతపు గతాన్ని ఆ కొలబద్దతో చూసినప్పుడు అసమానత ఎక్కడ పుట్టిందో స్పష్టమవుతుంది.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాద్‌ను ముంచెత్తింది. దాదాపు 15 వేల మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి, ఇలాంటి విపత్తు మళ్లీ రాకుండా ఏమి చేయాలో చెప్పమని కోరింది. నదులు నగరంలోకి ప్రవేశించక ముందే రెండు చోట్ల అడ్డుకట్టలు వేసి వరదను నిలపాలని, నిలిచిన నీటిని నగరానికి తాగునీరుగా వాడుకోవాలని ఆయన సూచించాడు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో మూసీ మీద గండిపేట వద్ద ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. వంద కోట్ల ఘనపుటడుగుల నీటిని ఒక టీఎంసీ అంటారు. ఆ లెక్కన మొదటి దాని సామర్థ్యం సుమారు 3.9 టీఎంసీలు, రెండవ దానిది సుమారు 2.97 టీఎంసీలు. గండిపేట నీళ్లు తాగినవారు హైదరాబాద్ విడిచిపోరన్న నానుడి ఆ తరువాతి తరాలలో పుట్టిందే.

ఒకే కట్టడంతో వరద నివారణనూ తాగునీటినీ సాధించిన ఆ ఆలోచన గొప్పది. కోటి జనాభా నగరంగా ఎదిగిన హైదరాబాద్ తన తొలి దశాబ్దాల ఆరోగ్యానికి దానికి రుణపడి ఉంది. అయితే ఆ రుణం ఎవరికి చెల్లించాలన్న ప్రశ్న అప్పుడు ఎవరూ వేయలేదు. నగరం భద్రంగా ఉండాలంటే ఎగువన కొంత నేల నీటి కిందికి పోవాలి, దాని పైన ఉన్న నేల శుభ్రంగా ఉండాలి. ఈ రెండు బాధ్యతలూ ఎగువ గ్రామాలవే అయ్యాయి. ఆ గ్రామాలను అడిగే ఆచారం నాటి పాలనలో లేదు, ఎందుకంటే ఆ గ్రామాల భూమే చాలావరకు వాటి సొంతం కాదు.

రాజధాని చుట్టూ వ్యాపించిన భూములను నిజాం కాలంలో అత్రాఫ్-ఎ-బల్దా, అంటే నగర పరిసరాలు, అనే పేరుతో పాలించేవారు. ఇక్కడ నిజాం సొంత ఆదాయానికి కేటాయించిన సర్ఫెఖాస్ భూములు, ఆయనకు బంధువులైన పాయిగా అమీరుల ఎస్టేట్లు, ఇతర జాగీర్లు కలగలిసి ఉండేవి. ప్రభుత్వ రెవెన్యూ శాఖ నేరుగా పాలించే దివానీ గ్రామాలలో కొలతలు, శిస్తు నిర్ణయం ఒక పద్ధతిలో సాగితే, జాగీర్ గ్రామాలలో రైతు హక్కు అమీరు మనుషుల దయ మీద, పటేల్ పట్వారీల రాత మీద ఆధారపడేది. భూమి దున్నేవాడికీ భూమి కాగితానికీ మధ్య ఏర్పడిన ఆ ఎడం ఈ ప్రాంతంలో నేటికీ పూర్తిగా పూడలేదు. 1949 ఫిబ్రవరిలో సర్ఫెఖాస్ దివానీలో విలీనమైంది, అదే ఏడాది ఆగస్టులో జాగీర్ల రద్దు నిబంధన వచ్చింది, 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు అనే హోదాను సృష్టించింది. నిర్ణీత కాలం పాటు భూమిని సాగు చేస్తూ వచ్చిన కౌలుదారును యజమాని ఇష్టానుసారం తొలగించకూడదని, ఆ భూమిని కొనుక్కునే హక్కు అతనికి ఉండాలని ఆ హోదా అర్థం. అప్పటికి దేశంలో ఉన్న కౌలు చట్టాలలో ఇది ముందడుగు వేసిన చట్టం. అమలులో మాత్రం, కౌలు రాతలో లేనివారికి, భయంతో ముందే భూమి వదిలినవారికి ఆ చట్టం అందలేదు.

ఈ మార్పుల కాలంలో ఈ గ్రామాల నుంచి వెలువడిన ప్రధాన రాజకీయ గొంతు కొండా వెంకట రంగారెడ్డిది. మొయినాబాద్ దగ్గరి పెద్దమంగళారంలో 1890లో పుట్టిన ఆయన న్యాయవాదిగా పేరు తెచ్చుకుని, నిజాం రాష్ట్రంలో తెలుగు ప్రజల సాంఘిక, రాజకీయ వేదికగా పనిచేసిన ఆంధ్ర మహాసభకు 1936లో షాద్‌నగర్ సమావేశంలో అధ్యక్షత వహించాడు. 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ పక్షాన బూర్గుల రామకృష్ణారావు, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావులతో పాటు ఆయన సంతకం ఉంది. తెలంగాణ మిగులు ఆదాయాన్ని తెలంగాణలోనే ఖర్చు చేయాలని, ఉద్యోగాలలో విద్యలో స్థానికులకు రక్షణ ఉండాలని, తెలంగాణలో వ్యవసాయ భూముల అమ్మకాలు ప్రాంతీయ మండలి అదుపులో ఉండాలని ఆ ఒప్పందం చెప్పింది. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి హక్కును ప్రకటించడానికి ముప్పై ఏళ్ల ముందే, ఒక ప్రాంతపు ఆదాయం మీద, భూమి మీద, అవకాశాల మీద ఆ ప్రాంత ప్రజలకే మొదటి హక్కు ఉండాలన్న ఆలోచన ఇందులో ఉంది. ఆ ఒప్పందం బలహీనతను తరువాతి కాలం చూపింది: మండలి స్థానంలో పరిమిత అధికారాలు గల ప్రాంతీయ సంఘం వచ్చింది, హామీలు చెదిరిపోయాయి, 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి అదే కారణమైంది, 1973లో ప్రాంతీయ సంఘమే రద్దయింది. 1978 ఆగస్టు 15న హైదరాబాద్ గ్రామీణ ప్రాంతాలతో ఏర్పడిన కొత్త జిల్లాకు తరువాత రంగారెడ్డి పేరు పెట్టారు; భూమి అమ్మకాల మీద అదుపు కోరిన నాయకుడి పేరున్న జిల్లా భూమి అమ్మకాలు వేగంగా సాగిన జిల్లాలలో ఒకటైంది.

అంతర్జాతీయ రంగంలో అభివృద్ధి హక్కు అన్న మాటకు స్పష్టమైన రూపం ఇచ్చినవాడు సెనెగల్ న్యాయకోవిదుడు కెబా ఎంబాయే. 1972లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బుర్గ్‌లో చేసిన ఉపన్యాసంలో ఆయన దానిని ఒక మానవ హక్కుగా ప్రతిపాదించాడు. వలస పాలన నుంచి బయటపడిన దేశాలు రాజకీయ స్వాతంత్ర్యం వచ్చినా సరుకుల ధరలు, అప్పులు, సాంకేతిక విజ్ఞానం పాత యజమానుల చేతిలోనే ఉన్నాయని గుర్తించిన కాలం అది. 1981లో ఆఫ్రికా దేశాల మానవ హక్కుల పత్రం ఈ హక్కును చేర్చుకుంది. 1986 డిసెంబరు 4న ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ అభివృద్ధి హక్కు ప్రకటనను 146 ఓట్లతో ఆమోదించింది. అమెరికా ఒక్కటే వ్యతిరేకించగా, బ్రిటన్, జపాన్, పశ్చిమ జర్మనీ, స్వీడన్ సహా ఎనిమిది దేశాలు ఓటింగుకు దూరంగా ఉన్నాయి. పేద దేశాలకు వనరులు బదిలీ చేయడం దయ కాకుండా చట్టబద్ధ బాధ్యతగా మారుతుందేమోనన్న సంకోచం సంపన్న దేశాలను వెనక్కి లాగింది. ఆ సంకోచమే ఈ హక్కు ఇంతవరకు ప్రపంచ స్థాయిలో కట్టుబాటు గల ఒప్పందంగా మారకపోవడానికి ముఖ్య కారణం.

ఆ ప్రకటనలో రెండు అంశాలు చేవెళ్ల, మొయినాబాద్ చరిత్రకు నేరుగా తగులుతాయి. మొదటిది, అభివృద్ధికి కేంద్రం మనిషి అని, అతడు అందులో చురుకుగా, స్వేచ్ఛగా, అర్థవంతంగా పాల్గొనాలని, దాని ఫలాలు న్యాయంగా పంపిణీ కావాలని చెప్పడం. రెండవది, విద్య, ఆరోగ్యం, ఆహారం, గృహవసతి, ఉపాధి వంటి మౌలిక వనరులలో అందరికీ సమాన అవకాశం కల్పించే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టడం. 1999 నుంచి ఈ హక్కు మీద ఐక్యరాజ్య సమితి స్వతంత్ర నిపుణుడిగా పనిచేసిన భారతీయ ఆర్థికవేత్త అర్జున్ సేన్‌గుప్తా అభివృద్ధిని ఒక ప్రక్రియగా నిర్వచించాడు: ఆదాయం ఎంత పెరిగినా, దాన్ని సాధించే దారిలో ఏ ఒక్క హక్కునైనా తొక్కితే అభివృద్ధి హక్కు నెరవేరినట్టు కాదు.

ఈ రెండవ అంశం ఆచరణలో ఎలా ఉంటుందో ప్రపంచానికి చూపిన పని ఈ ప్రాంతంలోనే జరిగింది. చరిత్రకారుడు, విద్యావేత్త మామిడిపూడి వెంకటరంగయ్య పేరు మీద 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్ర ఆచార్యురాలైన శాంతా సిన్హా నాయకత్వంలో, 1991 ప్రాంతంలో రంగారెడ్డి జిల్లా గ్రామాలలో బాల కార్మికుల విముక్తి కార్యక్రమం మొదలుపెట్టింది. శంకర్‌పల్లి, షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ పరిసరాలలో అప్పటికి అప్పు కింద పిల్లవాణ్ని ఆసామి ఇంట్లో ఏడాది జీతానికి కుదర్చడం, పశువుల వెంట పంపడం మామూలు విషయం. ఆడపిల్ల సంగతి అంతకంటే అధ్వానం, ఆమె ఇంట్లో చేసే చాకిరీని పనిగా కూడా ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. పేదరికం పోయేవరకు పిల్లల పని పోదని, కాబట్టి పనిచేసే పిల్లలకు రాత్రి బడులు పెడితే చాలని ప్రభుత్వ విధానమూ పండితుల అభిప్రాయమూ చెప్పేవి. ఎం.వి. ఫౌండేషన్ ఈ వాదాన్ని మొదలంటా తోసిపుచ్చింది. బడికి వెళ్లని ప్రతి పిల్ల, ప్రతి పిల్లవాడు బాల కార్మికులేనని, పిల్లలందరూ పగటి పూట పూర్తికాలపు బడిలోనే ఉండాలని, పిల్లలు చేసే ఏ పనికీ సమర్థన లేదని, వీటిలో దేని మీదా బేరం ఉండదని ఆ సంస్థ ప్రకటించింది.

బేరం లేదన్న మాటలోనే హక్కుకూ సంక్షేమానికీ తేడా ఉంది. సంక్షేమ పథకం నిధులు ఉన్నంత మందికి అందుతుంది, హక్కు చివరి మనిషి వరకు అందితే తప్ప నెరవేరినట్టు కాదు. ఆ సూత్రాన్ని ఊరి స్థాయిలో నిలబెట్టడానికి యువకులు ఇల్లిల్లూ తిరిగి బడి బయట ఉన్న పిల్లల పేర్లు రాశారు, ఆసాములతో గొడవ పడకుండానే వాదించి ఒప్పించారు, బడి వయసు దాటిపోతున్న పిల్లలను కొన్ని నెలల శిబిరాలలో ఉంచి చదువు నేర్పి వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. ఇలా మధ్యలో వారధిగా నిలిచే చదువును బ్రిడ్జి కోర్సు అన్నారు. ప్రభుత్వ ఉపాధ్యాయులు బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడి తమ బడుల తలుపులు ఏడాది మధ్యలో కూడా తెరిచారు. పుట్టిన తేదీ ధ్రువపత్రం లేదని, చేరిక గడువు దాటిందని పిల్లలను వెనక్కి పంపే పద్ధతి మీద గ్రామాలు సర్పంచుల ద్వారా, తల్లిదండ్రుల సంఘాల ద్వారా పోరాడాయి. తల్లిదండ్రులకు పిల్లల చదువు మీద ఆసక్తి లేదన్న నగరపు నమ్మకం ఇక్కడ తప్పని తేలింది, ఎందుకంటే అవకాశం కనబడిన చోట కూలి తల్లులే ఒక పూట పస్తుండి పిల్లలను పంపారు. పిల్లలు పొలం నుంచి తప్పుకున్న చోట పెద్దల కూలి బేరం బలపడిందన్నది ఈ పనిచేసినవారి అనుభవం.

ఈ కృషికి 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది, 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. 2002లో 86వ రాజ్యాంగ సవరణ విద్యను ప్రాథమిక హక్కుగా చేర్చగా, 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని, పత్రాలు లేవన్న కారణంతో చేరిక నిరాకరించకూడదని ఆ చట్టం చెప్పిన మాటలు రంగారెడ్డి జిల్లా గ్రామాలు అంతకు పదేళ్ల ముందే ఆచరించి చూపినవి. ఈ ప్రాంత చరిత్రలో నిర్ణయం కింది నుంచి పైకి నడిచిన సందర్భం ఇదొక్కటేనని చెప్పినా అతిశయోక్తి కాదు, ఆ ఒక్కటే అన్నిటికంటే నిలకడగా ఫలించింది.

బాల కార్మికుల విముక్తి పని మొదలైన 1990ల దశాబ్దంలోనే మరో నిర్ణయం పై నుంచి కిందికి వచ్చింది. నగరం పడమరకు పెరుగుతున్న కొద్దీ జంట జలాశయాల చుట్టూ పరిశ్రమలు, కాలనీలు మొదలవుతున్నాయని గమనించిన రాష్ట్ర ప్రభుత్వం 1994లో ఒక ఉత్తర్వు, దాన్ని మారుస్తూ 1996 మార్చి 8న 111వ నంబరు ఉత్తర్వు జారీ చేసింది. ప్రజల నోట త్రిబుల్ వన్ జీవోగా నిలిచిన ఈ ఉత్తర్వు, జలాశయం నిండినప్పుడు నీరు నిలిచే పూర్తిస్థాయి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల వరకు కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది, భూమిలో 90 శాతాన్ని సాగుకు, పచ్చదనానికి ఉంచాలంది. ఏడు మండలాలలో 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు దీని పరిధిలోకి వచ్చాయి. మొయినాబాద్ మండలానికి ఇందులో పెద్ద వాటా దక్కింది.

ఈ ఉత్తర్వు ఉద్దేశాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక నూనె పరిశ్రమకు ప్రభుత్వం ప్రత్యేక మినహాయింపు ఇవ్వగా, కాలుష్య నియంత్రణ మండలికీ ఆచార్య ఎం.వి. నాయుడుకూ మధ్య నడిచిన వ్యాజ్యంలో న్యాయస్థానం 1999 జనవరిలోను, 2000 డిసెంబరులోను తీర్పులు ఇచ్చి ఆ మినహాయింపును కొట్టివేసింది. హాని జరుగుతుందని పూర్తిగా రుజువయ్యే వరకు ఆగకుండా ముందే అడ్డుకోవాలన్న ముందుజాగ్రత్త సూత్రానికి, తాగునీరు జీవించే హక్కులో భాగమన్న సూత్రానికి ఈ తీర్పులు భారత న్యాయశాస్త్రంలో ముఖ్యమైన ఆధారాలయ్యాయి. ఇక్కడ సంక్లిష్టత ఉంది: నగర ప్రజల నీటి హక్కు నిజమైన మానవ హక్కు, గ్రామ ప్రజల అభివృద్ధి హక్కు కూడా అంతే నిజమైనది. ఒకదాన్ని నిలబెట్టడానికి రెండవదాని మీద భారం వేసినప్పుడు ఆ భారానికి పరిహారం ఉండాలన్నది న్యాయం. 111 ఉత్తర్వులో నిషేధాలు ఉన్నాయి, పరిహారం లేదు. నీటిని కాపాడినందుకు రైతుకు చెల్లింపు గాని, మురుగు నీటి శుద్ధికి పంచాయతీలకు నిధుల హామీ గాని అందులో కనబడవు.

దీనికి భిన్నమైన దారి ఉందని 111 ఉత్తర్వు వచ్చిన మరుసటి సంవత్సరమే న్యూయార్క్ చూపింది. ఆ నగరానికి వచ్చే నీటిలో అధిక భాగం ఉత్తరాన ఉన్న క్యాట్‌స్కిల్ కొండల పరీవాహక గ్రామాల నుంచి, డెలావేర్ నది ఎగువ నుంచి వస్తుంది. పూర్వం జలాశయాల కోసం ఆ ఊళ్లను బలవంతంగా ఖాళీ చేయించిన నగరం, 1990 ప్రాంతంలో కొత్త కట్టుబాట్లను పై నుంచి రుద్దబోతే గ్రామాలు ఎదురు తిరిగాయి. వందల కోట్ల డాలర్ల ఖర్చుతో వడపోత కేంద్రం కట్టడం కంటే ఎగువ నేలను శుభ్రంగా ఉంచడం చౌక అని లెక్క తేలాక, 1997 జనవరిలో నగరం, రాష్ట్రం, గ్రామాలు, పర్యావరణ సంస్థలు కలిసి ఒప్పందం మీద సంతకాలు చేశాయి. పశువుల పేడ వాగులో కలవకుండా కొట్టాలు కట్టడానికి, ఇళ్ల మరుగుదొడ్ల గుంతలు బాగు చేయడానికి, స్థానిక ఉపాధికి నగరం డబ్బు ఇచ్చింది. భూమిని ఇష్టపడి అమ్మేవారి దగ్గర మాత్రమే కొన్నది. హైదరాబాద్ చేతిలో ఉన్నది 1996 నాటి ఉత్తర్వు, న్యూయార్క్ చేతిలో ఉన్నది 1997 నాటి ఒప్పందం. నీటిని కాపాడాలన్న లక్ష్యం రెండింటిదీ ఒకటే. సంపన్న దేశపు గ్రామాలకు బేరమాడే శక్తి ఉండటం, మన గ్రామాలకు లేకపోవడం ప్రపంచ అసమానతకు ఆదాయ పట్టికలలో కనబడని ముఖం.

పరిహారం లేని నిషేధం ఎలా పనిచేస్తుందో తరువాతి పాతికేళ్లు చూపాయి. కొద్దిపాటి భూమి ఉన్న రైతు కూతురి పెళ్లికో ఆసుపత్రి ఖర్చుకో అమ్మక తప్పనప్పుడు, జీవో పరిధిలో ఉందన్న కారణంతో తక్కువ ధరకే అమ్మాడు. కొన్నవారు ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు, రిసార్టులు కట్టారు. నిషేధం పేదవాడి భూమి విలువను తగ్గించింది గాని ఉన్నవాడి గోడలను ఆపలేదు. నిషేధం చేసిన మేలూ ఉంది: గచ్చిబౌలి, నార్సింగి వైపు బహుళ అంతస్తులు ముసురుకున్నా, జలాశయాల వెనుక ఇంకా పొలాలు మిగిలాయి, చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి రైతులు పండించే టమాటా, క్యారెట్, బీట్‌రూట్, ఆకుకూరలు మెహిదీపట్నం రైతుబజారుకు, చామంతులు, గులాబీలు గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు తెల్లవారకముందే చేరుతున్నాయి. నగరానికి నీటితో పాటు కూరగాయలూ పూలూ అందించే ఈ సాగులో కౌలుదారుల పాత్ర పెద్దది. 2018 మేలో మొదలైన రైతుబంధు పథకం ఎకరాకు పంటకు 4 వేల రూపాయలను పట్టాదారుకే ఇచ్చింది. పహాణీ అనే గ్రామ భూమి రికార్డులో అనుభవదారు పేరు రాసే పద్ధతి పోయాక కౌలుదారు ప్రభుత్వ కాగితంలోనే కనబడకుండా పోయాడు. జాగీర్ కాలంలో దున్నేవాడికీ కాగితానికీ మధ్య ఉన్న ఎడం కొత్త రూపంలో తిరిగి వచ్చింది.

సాగునీటి విషయంలో చేవెళ్లకు దక్కింది ప్రధానంగా పేరు. కరువు, విద్యుత్ చార్జీల భారం, రైతుల ఆత్మహత్యల నేపథ్యంలో వై.ఎస్. రాజశేఖర రెడ్డి 2003 ఏప్రిల్ 9న తన పాదయాత్రను చేవెళ్ల నుంచే ప్రారంభించి ఇచ్ఛాపురం వరకు నడిచారు. మరుసటి ఏడాది మేలో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం చేశారు. కాలువ లేని ఈ ఎగువ నేలకు బోరుబావే ఆధారం కనుక ఆ నిర్ణయం ఇక్కడి రైతుకు నిజమైన ఊరట, భూగర్భజలానికి మాత్రం అదనపు ఒత్తిడి. 2008లో ప్రాణహిత–చేవెళ్ల సుజల స్రవంతికి శంకుస్థాపన జరిగింది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా తుమ్మిడిహెట్టి వద్ద ప్రాణహిత నుంచి 160 టీఎంసీలు ఎత్తిపోసి, ఏడు జిల్లాల్లో 16.40 లక్షల ఎకరాలకు నీరిస్తూ చేవెళ్ల వరకు తేవాలన్నది ఆ పథకం. రాష్ట్ర విభజన తరువాత దాన్ని తిరిగి రూపొందించి 2016లో కాళేశ్వరంగా మొదలుపెట్టినప్పుడు చేవెళ్ల పేరూ పోయింది, చేవెళ్లకు రావలసిన నీరూ పోయింది. రంగారెడ్డి జిల్లా ఆశలను కృష్ణా నది మీద పాలమూరు–రంగారెడ్డి పథకానికి మళ్లించారు. పథకంలో చేవెళ్లను చేర్చినప్పుడు గాని తీసినప్పుడు గాని ఆ నిర్ణయంలో చేవెళ్ల గ్రామసభల అభిప్రాయానికి చోటు కనబడలేదు. తమ మీద పడిన వానను నగరానికి పంపే నేలకు, ఎక్కడి నుంచైనా తిరిగి నీరు తెచ్చే హామీ పదేళ్లు కూడా నిలవలేదు.

సగటు లెక్కలు ఈ పరిస్థితిని దాచిపెడతాయి. తలసరి ఆదాయంలో రంగారెడ్డి తెలంగాణ జిల్లాలన్నిటిలో మొదటిది, దానికి ఆనుకునే ఉన్న వికారాబాద్ అట్టడుగు జిల్లాల సరసన ఉంది. 2016 అక్టోబరులో జిల్లాలను విభజించినప్పుడు చేవెళ్ల రంగారెడ్డిలోనే మిగలడం వల్ల, శేరిలింగంపల్లి మండలంలోని సాఫ్ట్‌వేర్ కంపెనీల ఆదాయం లెక్కలో దాని తలసరిని కూడా పెంచుతుంది. చేవెళ్ల సంతలో కూరగాయల బుట్ట పెట్టుకున్న మనిషి చేతికి ఆ సగటు రాదు. ప్రపంచ స్థాయిలోనూ ఇదే కథ. ప్రపంచ అసమానత నివేదిక 2022 ప్రకారం ప్రపంచ సంపదలో 76 శాతం పై 10 శాతం మంది వద్ద ఉంటే, కింది సగం జనాభా దగ్గర ఉన్నది 2 శాతం.

ఈ ప్రపంచ అసమానతను కళ్లకు కట్టే చోటు మొయినాబాద్ మండలంలోనే, ఉస్మాన్‌సాగర్ ఒడ్డున ఉన్న చిలుకూరు బాలాజీ ఆలయం. హుండీ లేని ఈ గుడిలో కోరిక కోరుతూ 11 ప్రదక్షిణలు, అది తీరాక 108 ప్రదక్షిణలు చేసే ఆచారం ఉంది. ఆ కోరికలలో విదేశీ వీసా అధికం కావడంతో స్వామికి వీసా బాలాజీ అన్న పేరు వచ్చింది. ఆ భక్తిని తేలికగా చూడటం తగదు. ఒక మనిషి ఆదాయంలో సగానికి పైగా తేడాలను అతడు నివసించే దేశం, ఆ దేశంలో ఆదాయ పంపిణీ అన్న రెండు విషయాలే తేల్చేస్తాయని ఆర్థికవేత్త బ్రాంకో మిలనోవిచ్ లెక్కగట్టాడు. అమెరికా హెచ్1బీ ఉద్యోగ వీసాల సాధారణ పరిమితి ఏడాదికి 65 వేలు, అక్కడ పైచదువు చదివినవారికి మరో 20 వేలు. చదువు, శ్రమ సమానంగా ఉన్నా పుట్టిన చోటు జీవితాన్ని నిర్ణయించే లోకంలో, ఆ ప్రదక్షిణలు ఒక న్యాయమైన ఆకాంక్షకు రూపం. ఆ సంపాదన తిరిగి వచ్చి ఇక్కడి పొలాలనే కొంటుంది. డాలరు ఆదాయంతో కౌలు రైతు పోటీ పడలేడు.

2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69వ నంబరు ఉత్తర్వుతో 111 ఆంక్షలను సడలించింది, 2023 మే 18న మంత్రివర్గం ఆ జీవోను పూర్తిగా రద్దు చేయాలని తీర్మానించింది. నగరానికి ఇప్పుడు మంజీరా, కృష్ణా, గోదావరి జలాలు వస్తున్నాయి కనుక జంట జలాశయాల మీద ఆధారపడటం తగ్గిందన్నది చెప్పిన కారణం. దూరపు నదుల నుంచి విద్యుత్తుతో ఎత్తిపోసే నీటికి అయ్యే ఖర్చును, 1908 వంటి వరద మళ్లీ వస్తే ఈ కట్టలే అడ్డమన్న సంగతిని ఆ వాదం పట్టించుకోలేదు. 111ను పెట్టినప్పుడు గ్రామాలకు పరిహారం లేదు, తీసేస్తామన్నప్పుడు కలిగే లాభం అప్పటికే భూమి కొన్నవారిది. ఇదే బీజాపూర్ రోడ్డు విస్తరణలో, అప్పా కూడలి నుంచి మన్నెగూడ వరకు వరుసకట్టిన దాదాపు 900 మర్రి చెట్ల మీద హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్లిన వివాదంలోనూ, రోడ్డు కావాలా చెట్లు కావాలా అన్న ప్రశ్నే ఎక్కువ వినిపించింది. రోడ్డు ప్రమాదాలలో మనుషులను పోగొట్టుకున్న గ్రామాలకు ఈ రెండూ కావాలి, రెండింటినీ కలిపే ఆలోచనలో వారికి చోటు కావాలి.

2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ కోసం భూమి తీసుకోవాలంటే 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్య పథకానికైతే 70 శాతం ప్రభావిత కుటుంబాల సమ్మతి అవసరం. భూమిని తీసుకోకుండా దాని వాడకాన్ని మాత్రమే కట్టడి చేసినప్పుడు, ఆ కట్టడిని ఎత్తివేసినప్పుడు ఇలాంటి సమ్మతి అడిగే నియమం ఏదీ లేదు. 84 గ్రామాలకు రాబోయే ఏ ప్రణాళికనైనా ముసాయిదా దశలోనే పటాలతో సహా తెలుగులో గ్రామసభల ముందు పెట్టాలి. భూమి లేని కూలీలు, కౌలుదారులు, మహిళలు అక్కడ చెప్పిన మాటలు నమోదై, తుది ప్రణాళికలో వాటికి జవాబు ఉండాలి. నగరం వసూలు చేసే నీటి బిల్లులలో ఒక వాటా పరీవాహక పంచాయతీలకు, నేలను శుభ్రంగా ఉంచే రైతులకు ఏటా చేరాలి. 1993 నుంచి అమలులో ఉన్న 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు ఇచ్చిన గుర్తింపు ఇందుకు చాలు, మరో కొత్త సవరణ అక్కరలేదు.